ఏడో గడిలో రెండు నల్లచారలు

పోయినవారం మీరు నన్ను నడుంలోతు గోతిలో నిలబెట్టి, పేజీ తిప్పేసి, హాయిగా మీ పనులు మీరు చూసుకున్నారు. ఫర్వాలేదు, నేనే ఎక్కి వచ్చాను. మోకాళ్ల నొప్పి మాత్రం ఇంకా తగ్గలేదు.

మరిచిపోయినవాళ్ల కోసం, మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. నాది మట్టి కోసే ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట మా ఊరికి ఆమడ దూరంలో అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, గాలిలో లేచిన రేడియోధార్మిక సీజియం వచ్చి మా అడవి మీద వాలింది. అప్పుడు వేసిన కంచె వచ్చే సోమవారం తీసేస్తున్నారు. తీయాలంటే, పటంలో అడవిని విడదీసిన ఏడు గడులకీ 'ఇక్కడ భయం లేదు' అని నా సంతకం కావాలి. ఆరింటికి పెట్టేశాను. ఏడో గడిలో, చిన్న గుంటలాంటి చోట తవ్వితే, గోతి గోడలో రెండు నల్లచారలు కనబడ్డాయి. ఒకటి పైన, ఒకటి జానెడు కింద.

రెండు చారలుంటే ఏం కొంప మునిగిందని మా ఆయన కూడా అడిగారు. అడవి నేల ఒక పద్ధతి ప్రకారం పేరుకుంటుంది. పైన ఈ ఏడాది రాలిన ఆకు. దాని కింద సగం చివికిన ఆకు. ఆ కింద ఆకని చెప్పలేం, మట్టని చెప్పలేం, అలాంటి నల్లటి పొర. దాని కిందే అసలు మట్టి. సీజియం ఆకులతోపాటు రాలి, చివికి, వానతో కాస్త కాస్త కిందికి దిగుతుంది. జిగటమట్టి తగిలిందా, పీత పట్టు పట్టేస్తుంది. మట్టికి చిక్కనిదాన్ని వేళ్లు తాగుతాయి, పుట్టగొడుగుల దారాలు పైకి లాగుతాయి, చెట్టు దాన్ని ఆకులోకి పంపుతుంది, ఆ ఆకు మళ్లీ రాలుతుంది. వెళ్లొస్తానని గుమ్మం దాకా వెళ్లి, ఇంకో మాట గుర్తొచ్చి మళ్లీ లోపలికొచ్చి కూర్చునే చుట్టాలుంటారు చూడండి, అదీ దీని వరస. అందుకే ముప్ఫై ఏళ్లయినా నాలుగైదు వేళ్ల లోతులోనే తచ్చాడుతుంది. ఏ లోతులో ఎంత సీజియం ఉందో గీత గీస్తే ఒక్క మూపురమే రావాలి. ఏడో గడి గుంటలో రెండు మూపురాలొచ్చాయి.

మొదట మా సున్నాలసారు నమ్మలేదు. ఆయన మా ప్రయోగశాలకి పెద్ద. ఏ అంకె చూపించినా ముందు సున్నాలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే నోరు తెరుస్తారు. "రెండో దిగుడు తప్పమ్మా ఇది" అన్నారు పోయినవారం. నేలలో దింపి మట్టి తీసే మా గొట్టం పొడవు జానెడే. రెండు జానల లోతు కావాలంటే అదే కన్నంలో రెండోసారి దింపాలి. ఈ రెండు దిగుళ్ల మధ్య కన్నం మూతికి గుడ్డ కుక్కకపోతే, అంచు మీది ఆకుపొడి లోపల రాలి రెండో గొట్టం నెత్తిన కూర్చుంటుంది. పైది కిందికి వచ్చినట్టు, లేని మూపురం ఒకటి పుట్టుకొస్తుంది. కొత్తగా చేరినవాళ్లందరూ ఒకసారైనా చేసే తప్పు. తొమ్మిదేళ్ల సర్వీసులో నేను చేశానన్నారు కాబట్టే నాకు ఒళ్లు మండి, గొయ్యి తవ్వి పక్క గోడలోంచి మట్టి కోసుకొచ్చాను.

ఆ ఫలితాలు ఈ శుక్రవారం పొద్దున వచ్చాయి.

సున్నాలసారు కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"కత్తి?" అన్నారు.

"కింద నుంచి పైకే కోశాను సార్. ప్రతి ముక్కకీ కడిగాను, తుడిచాను."

మా పనిలో ఇది మొదటి పాఠం. పైపొర కోసిన కత్తి ఎంగిలి కత్తి. దాంతో కింది శుభ్రమైన మట్టిని ముట్టుకుంటే ఆ మట్టి అబద్ధం చెప్తుంది. అందుకే కింది నుంచి మొదలుపెడతాం. ఇంట్లో కేకు కోసినా నా చెయ్యి అడుగు నుంచే వెళ్తుందని మా ఆయన నలుగురిలో చెప్పి నవ్విస్తుంటారు.

"అయితే కింది చార నిజం" అన్నారు సారు. "అదే పాత అడవి నేల. దాని మీద ఎవరో జానెడు మందాన మట్టి పోశారు. పోసిన మట్టి మీద ముప్ఫై ఏళ్లు ఆకు రాలి పైచార తయారైంది. మరి మధ్యలో ఉన్నదేంటి?"

"కలగూరగంప సార్. పొరల్లేవు. అన్నీ కలిసిపోయి ఉన్నాయి. చారలంత కాకపోయినా, అడుగూ పైనా అని లేకుండా మొత్తం వేడిగానే ఉంది." మేము వేడి అంటే రేడియోధార్మికత అని. పొయ్యితో సంబంధం లేదు.

సారు బీరువా తెరిచి పాత రిజిస్టరు తీశారు. ప్రమాదం జరిగిన ఏడాది అడవి అంచుల్లో, వీధుల్లో, తోటల్లో ఆకు గోకి ఎత్తిన ముఠాలన్నీ ఆ రిజిస్టర్లో ఉన్నాయి. ఎక్కడ ఎంత గోకారు, సంచుల్లో కట్టి నిలవయార్డుకి ఎన్ని ట్రాలీలు పంపారు, అంతా ఉంది. ఏడో గడి ఎదురుగా ఒకే ఒక వాక్యం: 'గుంట. చెయ్యి పెట్టలేదు.' కింద ముఠా మేస్త్రి సంతకం. గుండ్రటి అక్షరాలు, చివర తోకకి ఒక మెలిక.

ఆ మెలిక నాకు బాగా తెలుసు. మా ఫ్రిజ్ తలుపు మీద రోజూ చూస్తాను. 'పాలు అయిపోయాయి' అన్న మాటకైనా అదే మెలిక.

సారు గొంతు సవరించుకున్నారు. "మీ అత్తగారేనా?"

"అవును సార్."

"ఆ గుంటలో ఎప్పుడూ తడి ఉంటుంది. కంచె తీస్తే పుట్టగొడుగుల కోసం జనం మొదట పరిగెత్తేది అక్కడికే. నేలలో ఉన్నదాన్ని పుట్టగొడుగు పీల్చినట్టు ఇంకేదీ పీల్చదు." రిజిస్టరు మూసి నా చేతిలో పెట్టారు. "సోమవారం లోపల తేల్చమ్మా. ఎవరు పోశారు, ఎక్కడిది పోశారు, ఎంత పోశారు. అది తెలియకుండా ఎక్కడిదాకా కంచె ఉంచాలో మనం చెప్పలేం."

చెప్పడం తేలిక. సోమవారం కంచెలో మొదటి తీగ కత్తిరించబోయేది ఎవరనుకున్నారు? మా అత్తగారే. మా వీధిలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. 'మేస్త్రమ్మ' అంటారు. ప్రమాదం తర్వాత అందరూ మూటలు కట్టుకుని పారిపోతుంటే, ముప్ఫై మంది ఆడవాళ్లని పోగేసి, దంతెలు పట్టించి ఊరిని గోకి శుభ్రం చేసిన మనిషి. ఆవిడ కోడలినని చెప్తే దుకాణంలో నాకు వరసలో ముందు చోటిస్తారు. అలాంటి మనిషి రాసిన రిజిస్టరు తప్పని నేను రాయాలి. అత్తాకోడళ్ల గొడవంటే వంటింట్లో మొదలవుతుందని అంటారు కదా, మాది చూడండి, ఏకంగా అడవిలో మొదలైంది.

ఇంటికి వెళ్లే ముందు ఒక పని చేశాను. మధ్య పొరలోని మట్టిని జల్లెడ పట్టి, జల్లెడలో మిగిలినదాన్ని పళ్లెంలో పరిచి భూతద్దం కింద చూశాను. ఏడో గడి నిండా పైన్ లాంటి సూదాకు చెట్లే. వెడల్పాకు చెట్టు మచ్చుకి ఒక్కటి లేదు. కానీ పళ్లెంలో వెడల్పాకుల ఈనెలున్నాయి. ఇటుకపొడి ఉంది. గోరంత పెచ్చులు కొన్ని ఉన్నాయి, పైన నీలం, కింద పసుపు. పెయింటు పెచ్చులు. అడవిలో పెయింటు ఎక్కడిది? ఆ క్షణాన నాకు అత్తగారు గుర్తులేరు, సోమవారం గుర్తులేదు. పళ్లెం ఒక్కటే కనబడింది. ఈ ఉద్యోగంలో నాకు నచ్చేది ఇదే, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

పెచ్చుల్ని కడిగి, వేడి కొలిచే యంత్రం ముందు పెట్టి, వాటిలో ఇక వేడి లేదని తేలాక, మూడింటిని చిన్న గాజు సీసాలో వేసుకుని ఇంటికి బయల్దేరాను.

నేను వెళ్లేసరికి నాలుగున్నర. భోజనాల బల్ల దగ్గర అత్తయ్య బఠాణీలు ఒలుస్తున్నారు. ఎదురుగా మా ఆయన, ఒలిచినవి ఒలిచినట్టు నోట్లో వేసుకుంటున్నారు.

"అమ్మాయ్, వీడిని ఇక్కణ్ణుంచి లేపు. గంట నుంచి ఒలుస్తున్నా, గిన్నె అడుగు కూడా నిండలేదు" అన్నారు అత్తయ్య.

నేను సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక పెట్టాను, అంతే. దారి పొడవునా పది రకాలుగా అనుకున్న మాటలన్నీ గుమ్మంలోనే జారిపోయాయి.

మా ఆయన సీసా ఎత్తి వెలుతురులో చూశారు. "అరె! ఇది మా బడి జారుడుబల్ల రంగు కదా?"

"ఏ బడి?"

"నేను చదివిన బడే. నీలం జారుడుబల్ల. గోరుతో గీకితే కింద పసుపు వచ్చేది. గీకి గీకి నేను నా పేరులో మొదటి అక్షరం రాశాను, టీచరుతో చీవాట్లు కూడా తిన్నాను. ప్రహరీ పక్కన పెద్ద పెద్ద వెడల్పాకు చెట్లుండేవి. నీకెక్కడ దొరికింది ఇది?"

నేను ఆయన్ని చూడలేదు. అత్తయ్య చేతుల్ని చూశాను. బఠాణీ కాయ సగం విప్పి ఉంది. గింజలు అందులోనే ఉన్నాయి.

"బాబూ, పైన బట్టలు ఆరాయేమో చూసి తీసుకురా" అన్నారు అత్తయ్య.

"ఇప్పుడే కదమ్మా ఆరేశావు?"

"అయితే ఆరేదాకా అక్కడే ఉండు."

మా ఆయన నా వంక చూశారు. నేను తల ఊపాను. గుప్పెడు బఠాణీలు పట్టుకుని మరీ వెళ్లారు.

అత్తయ్య కాయలోని గింజల్ని గిన్నెలోకి రాల్చారు. "ఏడో గడేనా?"

"అవును అత్తయ్యా."

"అడవిలో ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా ఆ గుంటలోనే గుచ్చావా గొట్టం?"

"ప్రతి గడిలో పల్లం ఒకటి, మెరక ఒకటి చూడాలని రూలు."

"మంచి రూలే" అన్నారావిడ. కోపమేమీ లేదు ఆ గొంతులో. నాకే కోపం వచ్చింది. తొమ్మిదేళ్లుగా నేను రోజూ ఏ మట్టి కోశానో, ఏ గడిలో నడిచానో, ఈ బల్ల దగ్గరే కూర్చుని చెప్తుంటే విన్న మనిషి ఆవిడ.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెప్తాను, విను. బడి తెరవడానికి మూడు రోజులుంది. ఆటస్థలమంతా ఆకూ, పైమట్టీ గోకి కుప్పలు పోశాం. సంచులు అయిపోయాయి. నిలవయార్డుకి ట్రాలీ పంపిస్తే, నిండిపోయింది, వారం ఆగండి అని గేటు వేసేశారు. పడమటి పక్క మబ్బు పట్టింది. కుప్పల మీద వాన పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

అవసరం లేదు. వదులుగా పోసిన ఆకుకుప్ప మీద వాన పడితే, చివికినదంతా నీళ్లతో జారి మళ్లీ అదే నేలలోకి ఇంకుతుంది. ఈసారి గోకిన నేల, ఆకు దుప్పటి లేని నేల. జిగటమట్టి పట్టుకున్నాక దంతెతో రాదు, పారతో తవ్వాలి. అప్పట్లో ఈ సంగతి పుస్తకం చదువుకున్నవాళ్లలోనే నూటికి పదిమందికి కూడా తెలియదు.

"మీకెలా తెలుసు?"

"రెండు నెలలు గోకాం కదా. వానకి ముందు గోకిన వీధిలో యంత్రం టిక్కుటిక్కుమనేది కాదు. వాన తర్వాత గోకిన వీధిలో ఎంత గోకినా ఆగేది కాదు. అది చూసి నేర్చుకున్నదే." ఇంకో కాయ తీసుకున్నారు. "ఏడో గడిలో ఆ గుంట నాకు తెలుసు. పల్లం, చుట్టూ గట్టు, నీళ్లు బయటికి పారవు. మనుషులు పోరు, ఎలాగూ కంచె వేస్తున్నారు. అక్కడ పోయించేశాను. ఆ సాయంత్రమే వాన కొట్టింది. సోమవారం బడి తెరిచారు. మీ ఆయన ఆ బడిలోనే రెండో తరగతి."

"రిజిస్టర్లో చెయ్యి పెట్టలేదని రాశారు."

"పెట్టానని రాస్తే బడి తెరవనిచ్చేవాళ్లా? యార్డు గేటు తీసేదాకా ఆగమనేవాళ్లు. తర్వాత రాద్దామనుకున్నాను. తర్వాత దండలేశారు. దండ మెడలో ఉన్నప్పుడు తప్పు చేశానని చెప్పడానికి గొంతు పెగలదమ్మాయ్."

ఆవిడ చేసింది తప్పు. ఆవిడ చేసిన పనివల్ల మూడొందల మంది పిల్లలు శుభ్రమైన నేల మీద ఆడుకున్నారు, అదీ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎక్కడ గీత గీసి వేరు చేయాలో, ఏ కత్తితో కోయాలో నాకెవరూ నేర్పలేదు. ఆవిడ మీద కోపం ఉంది, ప్రేమ కూడా ఉంది, ఆ క్షణంలో రెండూ సమానంగానే ఉన్నాయి.

"నేను సంతకం పెట్టలేను అత్తయ్యా. ఏడో గడికి కంచె ఉండాల్సిందే. ఎందుకో కూడా రాయాలి."

"పెట్టమని ఎవరన్నారు? పెడితే నేనే నీ చెయ్యి విరగ్గొడతాను. పుట్టగొడుగులకి మొదట పోయేది అక్కడికే కదా?" చేతులు చీర కొంగుకి తుడుచుకుని, "ఏదీ, ఆ రిజిస్టరు తెచ్చావా? ఇలా ఇవ్వు" అన్నారు.

సంచిలోంచి తీసి ఇచ్చాను. 'గుంట. చెయ్యి పెట్టలేదు' అన్న వాక్యం కింద, అదే గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాశారు: 'పై మాట అబద్ధం. బడి ఆటస్థలంలో గోకిన ఆకు, మట్టి పదిహేడు ట్రాలీలు ఇక్కడ పోయించాను. నేనే పోయించాను, నా ముఠా ఆడవాళ్లకి తెలియదు.' సంతకం పెట్టారు. ఈసారి తోకకి మెలిక లేదు.

"సోమవారం ఆ తీగ కత్తిరించేది నేను కాదని మీ సారుకి చెప్పు. వీధివాళ్లకి నేనే చెప్పుకుంటా, నువ్వు మధ్యలోకి రావద్దు." రిజిస్టరు నా వైపు తోశారు. "నీ పెళ్లిచూపులకి వచ్చినప్పుడు, పిల్ల మట్టి కోసే ఉద్యోగంలో చేరిందంటే నా గుండె గుభేలుమంది తెలుసా? ఒక మనసు వద్దంది. ఇంకో మనసు, తెచ్చుకో, ఎప్పటికైనా ఈ పిల్లే పైకి తీస్తుంది, నీ బరువు దిగుతుంది అంది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోంచే రిజిస్టరు మళ్లీ చదివాను. పదిహేడు దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

"పదిహేడు ట్రాలీలా అత్తయ్యా?"

"పదిహేడే. చీటీల మీద గీతలు పెట్టుకున్నాను."

కాగితం తీసుకుని లెక్క వేశాను. గుంట పొడవు పది అంగలు, వెడల్పు ఆరు. మందం ఇప్పుడు జానెడు. ముప్ఫై ఏళ్లలో అణిగింది కాబట్టి పోసిన రోజు రెండు జానలనుకుందాం. ఎంత ఉదారంగా లెక్కేసినా ఎనిమిది ట్రాలీలు. లాగి లాగి తొమ్మిది.

"తొమ్మిదికి మించి ఆ గుంటలో పట్టవు. మిగతా ఎనిమిది ఎక్కడ?"

అత్తయ్య మొహంలో మొదటిసారి నాకు తెలియని మనిషి కనబడ్డారు. ఆవిడకి నిజంగానే తెలియదు. "మొదటిరోజు తొమ్మిది ట్రిప్పులకీ నేను వెంట వెళ్లాను" అన్నారు తడుముకుంటూ. "రెండోరోజు మీ ఆయనకి జ్వరం. ఇంట్లోనే ఉండిపోయాను. ఎనిమిది ట్రిప్పులూ పోసేశానని డ్రైవరు వచ్చి చెప్పాడు. ఆ రాత్రే వాన. మళ్లీ వెళ్లి చూడలేదు."

"వాన మొదటిరోజు సాయంత్రమే అన్నారు?"

"తప్పు చెప్పాను. రెండోరోజు. ఎనిమిదీ వానకి ముందే పోశానన్నాడు, హమ్మయ్య అనుకున్నాను."

"ఎవరా డ్రైవరు? ఉన్నాడా ఇంకా?"

ఆవిడ నా వంక అదోలా చూశారు. ఇంతకాలం తెలియకుండా ఎలా ఉన్నావన్నట్టు చూశారు.

"మీ నాన్నే కదమ్మాయ్. మన రెండిళ్లకీ వియ్యం ఎలా కుదిరిందనుకున్నావు?"

ఎవరో దూరపు చుట్టం కుదిర్చాడని మా ఇంట్లో చెప్పారు. నాన్న ట్రాలీ నడిపేవాడని తెలుసు. ఎవరి ముఠాకో ఎప్పుడూ అడగలేదు. అడిగే అవసరం ఏముంది?

"గోతిలో పారబోయడానికి మనసొప్పడం లేదక్కా, ఎంత నల్లటి మట్టో చూడు, బంగారం, అనేవాడు మీ నాన్న" అన్నారు అత్తయ్య. "కంటికి కనబడనిదానికి అంత భయమేంటని నవ్వేవాడు. నేను తిట్టేదాన్ని."

నల్లటి మట్టి. మా పుట్టింటి పెరడు పక్కవాళ్ల పెరడు కంటే రెండు మెట్లు ఎత్తు. ఏం పాతినా విరగకాసేది. నాలుగేళ్లప్పటి నుంచీ నేను అందులోనే ఆడాను, గూళ్లు కట్టాను, తిన్నానని అమ్మ కొట్టింది కూడా. తొమ్మిదేళ్లుగా ఊరందరి నేలలోనూ గొట్టం గుచ్చాను. ఆ పెరట్లో ఒక్కసారి గుచ్చలేదు. ఫోను తీశాను. సెలవులని మా అమ్మాయిని పదిరోజుల కిందట అక్కడే దింపి వచ్చాం.

నాన్న రెండో రింగుకే ఎత్తాడు. వెనక మా అమ్మాయి కేరింతలు వినబడుతున్నాయి.

"నాన్నా, ఒక్క మాట. మన పెరట్లో ఆ నల్లమట్టి ఎక్కడిది?"

"ఏ మట్టే?" అన్నాడు నాన్న సంతోషంగా. "నీ చిన్నప్పుడు పోసిందా, మొన్న నీ కూతురు ఆడుకుంటుందని కంచె దాటి అడవి నుంచి తెచ్చిందా?"